ఆవిరి నిబంధన ఎత్తివేత

రాళ్ళవలస పురపాలక సంఘంలో సూపరింటెండెంటు చిదంబరానికి ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఒకటే ఆశయం. కడుపులో చల్ల కదలకుండా రిటైరవ్వాలి. ఆ ఆశయానికి ఆయన చాలా దగ్గరగా వచ్చేశాడు కూడా. ఇంకొక్క వేసవి గడిస్తే దండలూ శాలువాలూ వేసి ఇంటికి పంపించేస్తారు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది.

రాష్ట్రంలో నిబంధనలు మరీ ఎక్కువైపోయాయనీ, వాటి బరువుకి ప్రజల నడుములు వంగిపోతున్నాయనీ పైనెవరో కనిపెట్టారు. కనిపెట్టడమే తడవు, నిబంధనలు తగ్గించడం ఎలాగో చెబుతూ ఒక కట్ట నిబంధనలు పంపించారు. 'నియమ విముక్తి పక్షోత్సవాలు' అని దానికి పేరు. ప్రతి పురపాలక సంఘమూ కనీసం ఒక పాత నిబంధననైనా ఎత్తివేసి తీరాలి. ఎత్తివేయని వారిమీద నిబంధనల ప్రకారం చర్య తీసుకోబడుతుంది.

ఈ బరువు వచ్చి చిదంబరం నెత్తిన పడింది. ఆయన పాత పుస్తకాలన్నీ దుమ్ము దులిపి ముందేసుకున్నాడు. తీరా చూస్తే ఏ నిబంధనను ముట్టుకున్నా దాని వెనకాల ఎవరో ఒకరు కాపలా ఉన్నారు. గోడల ఎత్తు నిబంధన తీసేద్దామంటే దాన్ని అడ్డుపెట్టుకుని బతుకుతున్న ప్లానింగు వాళ్ళు ఊరుకోరు. మైకుల నిబంధన తీసేద్దామంటే, దాన్ని ఉల్లంఘించడంలోనే పరపతి చూపించుకుంటున్న కౌన్సిలర్లు ఊరుకోరు. ఉల్లంఘించడానికి నిబంధనే లేకపోతే పరపతి ఎవరికి చూపించాలి పాపం?

వెతగ్గా వెతగ్గా అట్టడుగున ఒక అనాథ నిబంధన దొరికింది. 'పట్టణ పరిమితులలో ఆవిరిని పుట్టించు ప్రతివారును, పుట్టించుటకు పూర్వము గంట మ్రోగించి, ఎర్రజెండా ఎగురవేసి, అర్హుడగు ఆవిరి పర్యవేక్షకుని సమక్షమున మాత్రమే పుట్టించవలెను.' ఎప్పుడో ఊళ్ళో రైసుమిల్లు బాయిలరు పేలి, దాని మూత ఎగిరొచ్చి అప్పటి చైర్మన్ గారి పెరట్లో పడిందట. చైర్మన్ గారు ఆ సమయంలో పెరట్లోనే ఉన్నారట. ఆ సాయంత్రమే కౌన్సిలు కూర్చుని ఈ నిబంధన చేసింది. తర్వాత మిల్లు పోయింది, చైర్మన్ పోయారు, పెరడు కూడా పోయి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. నిబంధన మాత్రం కుంభకర్ణుడిలా పడుకుని ఉంది.

చిదంబరం ప్రాణం లేచొచ్చింది. దీన్ని తీసేస్తే ఏడ్చేవాడు లేడు, నవ్వేవాడూ లేడు.

మర్నాడు పొద్దున్న ఆఫీసు గేటుకి ఎదురుగా ఉన్న పైడమ్మ ఇడ్లీ బండి దగ్గర నిలబడి, అల్లప్పచ్చడి నంజుకుంటూ ఆయన ఈ శుభవార్త చెప్పాడు. పైడమ్మ చేతి ఇడ్లీ తినందే ఆయన ఏ ఫైలుమీదా సంతకం పెట్టి ఎరగడు. పైడమ్మ మొగుడికి నడుం పడిపోయిన దగ్గర్నుంచీ వాళ్ళింట్లో పొయ్యి వెలగాలంటే ముందు ఈ బండి మీద పొయ్యి వెలగాలి. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

"పైడమ్మా, నీమీద ఒక నిబంధన ఉంది, తెలుసా?"

"నామీదా? నానేటి సేసినానండీ బాబూ?"

"ఇడ్లీ పాత్రలో రోజూ ఆవిరి పుట్టిస్తున్నావు కదా. అది పుట్టించే ముందు గంట కొట్టాలి, ఎర్రజెండా కట్టాలి. నీలాంటి వాళ్ళకి ఈ గొడవ లేకుండా దాన్ని తీయించేస్తున్నాను."

పైడమ్మ గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఇన్నాళ్ళూ నేదు గదండీ. లేందాన్ని తియ్యడమేటండీ?"

"ఉంది. పడుకుని ఉంది."

"పడుకున్నదాన్ని లేపీసి పంపడమెందుకండీ? ఆ పడక మీదే ఒగ్గీయండి."

"నీకు తెలీదులే, ఇది పరిపాలన," అన్నాడు చిదంబరం, ఇంకో ఇడ్లీ అందుకుంటూ. ఆ మాట అన్నందుకు తర్వాత ఆయన చాలాసార్లు నాలిక కరుచుకున్నాడు.

కమిషనర్ పరాంకుశం గారు ప్రతిపాదన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన మామూలుగా మాట్లాడినా ప్రెస్‌నోటు చదువుతున్నట్టే ఉంటుంది.

"చిదంబరం గారూ, 'నిబంధన వలన ప్రజలకు కలిగిన ఇబ్బంది, ఆధారములతో సహా' అన్నచోట మీరు ఖాళీగా వదిలివేసితిరి."

"ఇబ్బందేమీ లేదండి. దాన్నెవరూ పాటించడం లేదు."

"పాటించనిచో అది అమలులో లేనట్లే గదా?"

"లేనట్లేనండి."

"అమలులో లేని దానిని రద్దుపరచుట ఎట్లు? ఉద్యోగంలో లేని మనిషిని ఉద్యోగంనుండి తొలగించగలమా?"

"లేమండి."

"తొలగించవలెనన్న ఏమి చేయవలెను?"

"ముందు వేసుకోవాలండి," అన్నాడు చిదంబరం, నోరు జారి.

"భేష్!" పరాంకుశం గారు పెన్ను తెరిచారు. "తొలుత అమలు, తదుపరి ఇబ్బంది, పిమ్మట విముక్తి. ఇదియే క్రమము. ప్రజలను ఇబ్బంది పెట్టకుండా ఇబ్బందినుండి విముక్తులను చేయుట ఏ ప్రభుత్వం వల్లనూ కాదు."

అమలు బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టరు జోగినాయుడికి అప్పగించారు. జోగినాయుడు మంచివాడే. కాకపోతే ఒక పని అప్పగిస్తే అదెందుకని అడగడు. అడగనివాళ్ళు చేసే పని ఎంత బాగా జరుగుతుందో చెప్పక్కర్లేదు.

మొదటి ముహూర్తం గేటు ఎదురుగానే పెట్టాడు. తెల్లారేసరికి పైడమ్మ బండికి ఒక ఎర్రజెండా, ఒక ఇత్తడి గంట వచ్చి వేలాడుతున్నాయి.

"గంట కొట్టు," అన్నాడు జోగినాయుడు.

పైడమ్మ కొట్టింది. పక్క వీధిలో ప్రాథమిక పాఠశాల పిల్లలు ప్రార్థన మధ్యలో ఆపేసి, సంచులు తగిలించుకుని ఇళ్ళకి పరుగెత్తారు.

"ఇప్పుడు పుట్టించమంటారా?"

"ఎవరి సమక్షంలో? పర్యవేక్షకుడేడీ?"

"మీరున్నారు గదండీ."

"నేను శానిటరీ. ఆవిరి కాదు," అని జోగినాయుడు పొయ్యి ఆర్పించాడు.

పైడమ్మ తెలివైంది. మర్నాటినుంచి ఇడ్లీ మానేసి దోసెలు మొదలెట్టింది. దోసెలో ఆవిరి ఎక్కడిది? జోగినాయుడు బండి పక్కన నిలబడి చెవి రిక్కించాడు. పెనం మీద నీళ్ళు చిలకరించగానే 'చుయ్' మంది. అది ఆవిరేనని ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. సరే అని ఉప్మా చేస్తే, మూత తీసినప్పుడు దొరికిపోయింది. చివరికి చద్దన్నం, ఉల్లిపాయ పెట్టుకుని కూర్చుంది. ఆ చద్దన్నాన్ని కూడా జోగినాయుడు ముట్టుకుని చూశాడు. చల్లగానే ఉందని ఒప్పుకున్నాడు గానీ, వండినప్పుడు సంగతేమిటని అడిగాడు.

ఒక్క బండి దగ్గర ఆగితే అది అమలెలా అవుతుంది? అమలు ఊరంతా పాకింది. టీ కొట్లకి జెండాలు వచ్చాయి. ఇస్త్రీ చేసేవాళ్ళు బట్టల మీద నీళ్ళు చల్లడం మానేశారు. దాంతో కౌన్సిలర్లందరూ నలిగిన చొక్కాలతో మీటింగులకి వచ్చి, మొదటిసారి ప్రజల మనుషుల్లా కనిపించారు. ప్రెషర్ కుక్కరు మూడు కూతలు కూసేలోగా ఆ ఇంటి ముందు ఉద్యోగి నిలబడేవాడు. ఆడవాళ్ళు కుక్కరు విజిలు ఊడదీసి కొంగున కట్టుకున్నారు. జలుబు చేసిన ముసలివాళ్ళు మొహానికి ఆవిరి పట్టుకోవడానికి దుప్పటి ముసుగేసుకునే ముందు గంట కొట్టాల్సి వచ్చేది. ఊరంతా గంటలే గంటలు. ఏ గంట బడిదో, ఏ గంట గుడిదో, ఏ గంట రసందో తెలిసేది కాదు. ఒక పెళ్ళిలో సుముహూర్తం గంట కొట్టారనుకుని తాళి కట్టేశారు. అది సాంబారు గంట.

ఎర్రజెండా పార్టీ నాయకుడు మాత్రం ఇంటింటిమీదా జెండా చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. జీవితమంతా పోరాడినా కదలని ఊరు తెల్లారేసరికి తనవైపు తిరిగిపోయిందని ఊరేగింపు తీశాడు. దారిలో టీ తాగుదామంటే టీ లేదు.

ఇబ్బంది కావలసినంత పోగయింది. చిదంబరం దాన్నంతటినీ కట్టలు కట్టి కమిషనర్ గారి బల్లమీద పెట్టాడు. అప్పటికి ఆయన పొద్దున్న టిఫిను మొహం చూసి చాలా రోజులైంది. ఆకలి వల్ల ఆయనలో కొంచెం ధైర్యం కూడా పుట్టింది.

"ఇబ్బంది వచ్చేసిందండి. ఇంక ఎత్తేద్దామండి."

పరాంకుశం గారి మొహం వెలిగిపోతోంది. బల్లమీద కొత్త జ్ఞాపిక ఒకటి మెరుస్తోంది. "ఏమంటిరి? ఎత్తివేయుటయా? జిల్లాలో ఇంత సంపూర్ణముగా అమలగుచున్న నిబంధన మరొకటి లేదని నిన్ననే పై అధికారులు కొనియాడిరి. పొరుగు పట్టణములవారు అధ్యయనమునకు వచ్చుచున్నారు. విఫలమైన దానిని ఎత్తివేయుదురు గానీ సఫలమైన దానిని ఎత్తివేయుదురా?"

"విఫలమైనప్పుడే కదండీ నేను తెచ్చాను!"

"అప్పుడది అమలులో లేదు గదా," అన్నారు పరాంకుశం గారు చాలా శాంతంగా.

అంతలో జోగినాయుడు లోపలికి వచ్చాడు. మెడలో కొత్త బిళ్ళ. 'ఆవిరి పర్యవేక్షకుడు (ఇన్‌చార్జి)'. అర్హుడెవడూ దొరకనందువల్ల, దొరకనందుకు బాధ్యుడైన వాడినే అర్హుడిగా నియమించారు. ఆవిరి పుట్టాలంటే ఇప్పుడు జోగినాయుడు రావాలి. ఊరికంతటికీ జోగినాయుడొక్కడే. ఆయన ఊరంతా తిరిగి పైడమ్మ బండి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతోంది, పిండి పులిసిపోతోంది.

"నిబంధన తీసేస్తే నా పోస్టేం కావాలండీ?" అన్నాడు జోగినాయుడు దీనంగా. ఇప్పుడు ఈ నిబంధన వెనకాలా ఒకడు కాపలా వచ్చేశాడు.

గేటు బయట పైడమ్మ బండి సర్దుతోంది. గిన్నెలన్నీ గోనెసంచిలోకి ఎక్కించి దాని మూతి బిగిస్తోంది. చిదంబరం తలదించుకుని దాటిపోదామనుకున్నాడు. ఆమె పోనివ్వలేదు.

"ఎల్లిపోతన్నాను బాబూ. మా ఆడబిడ్డోళ్ళ ఊర్లో బిల్డింగు పనుందంట. ఇటికలు మోస్తాను. ఇటికల్లోంచి ఆవిరి రాదు గదా?"

"పైడమ్మా, నేను..."

"నా కోసం తీసేత్తానన్నారు. నానడిగినానా మిమ్మల్ని? సల్లగా పడుకున్నదాన్ని లేపి నా బండి మీద కూకోబెట్టినారు. మా ఆయన్ని ఆ ఊరికి మోసుకెళ్ళాలి. మోసినప్పుడు గంట కొట్టాలా వద్దా, అది కూడా సెప్పీయండి."

ఇన్నేళ్ళ సర్వీసులో చిదంబరం ఎవరికీ మేలు చెయ్యలేదు గానీ, కీడు కూడా చెయ్యలేదు. మొదటిసారి ఒకరికి మేలు చెయ్యబోయి వాళ్ళ కూడు పడగొట్టాడు. ఆయనకి నిజంగా సిగ్గేసింది.

"ఈ వారం ఒక్కటీ ఆగు తల్లీ," అన్నాడు. ఆయన ఎవరినైనా తల్లీ అని పిలవడం ఆఫీసులో ఎవరూ విని ఉండరు.

ఆ పూటే కూర్చుని జిల్లా కేంద్రంలోని న్యాయ విభాగానికి నేరుగా ఒక ఫైలు తయారుచేశాడు. రాళ్ళవలస కష్టాలన్నీ కళ్ళకు కట్టినట్టు రాశాడు. పైన పెద్ద అక్షరాలతో 'ఆవిరి నిబంధన ఎత్తివేత' అని శీర్షిక పెట్టాడు. పంపినంత మాత్రాన ఎత్తేసినట్టు కాదనీ, పక్షోత్సవాల లెక్కకి మాత్రం పనికొస్తుందనీ ఆశపెట్టి పరాంకుశం గారి సంతకం కూడా సంపాదించాడు. ఫైలు టపా సెక్షనుకి వెళ్ళింది.

జిల్లా టపా సెక్షనులో ఫైళ్ళని ఎవరూ చదవరు. శీర్షికలో ఒక్క మాట చూసి ఏ గూట్లో వెయ్యాలో అందులో వేస్తారు. 'ఎత్తి' అని కనిపించింది. జిల్లాలో ఎత్తేవాళ్ళు ఒక్కరే, ఎత్తిపోతల పథకాల ఇంజనీర్లు. ఫైలు అక్కడికి చేరింది.

వారం తిరక్కుండా సమాధానం వచ్చింది, ఒక ప్రతి కమిషనర్ గారికి, ఒకటి చిదంబరానికి. ఆ శాఖనుంచి అంత త్వరగా ఏదీ వచ్చి ఎరగరు. చిదంబరం కవరు చింపాడు.

'తమ పురపాలక సంఘపు ఆవిరి ఎత్తివేత ప్రతిపాదన అందినది. నీటిని ద్రవరూపమున ఎత్తుటకు మాత్రమే ఇంతవరకు పథకములు కలవు. ఆవిరి రూపమున ఎత్తుట నూతనము, పంపులతో పనిలేనిది, కావున మిక్కిలి ఆసక్తికరము. ఎక్కడినుండి, ఎంత ఎత్తుకు, ఎన్ని దశలలో ఎత్తదలచితిరో తెలుపగలరు. సర్వే ముగియువరకు సదరు ఆవిరి విషయమున తాము ఏ చర్యయు తీసుకొనరాదు.'

చిదంబరం తల పట్టుక్కూర్చున్నాడు. ఉన్న ఒక్క ఆశా కాలవలో పడింది. కాగితం తీసుకుని గబగబా రాయడం మొదలుపెట్టాడు: 'పొరపాటున తమకు చేరిన మా ఫైలును వెంటనే...'

అప్పుడు పక్కగదిలోంచి మాటలు వినిపించాయి.

"టీ కొట్టు పర్యవేక్షణకి వెళ్ళమంటారా అండీ?" జోగినాయుడి గొంతు.

"వలదు," పరాంకుశం గారి గొంతు. "నిబంధన ఇప్పుడు ఎత్తిపోతల శాఖవారి పరిశీలనలో ఉన్నది. ఒక శాఖ పరిశీలనలో ఉన్న అంశంపై వేరొక శాఖ చేయి వేయుట శాఖాంతర మర్యాదకు భంగము. వారు ఎత్తుచున్నంతకాలము మనము క్రింద దానిని అమలుచేయరాదు."

"మరి నా పోస్టో అండీ?"

"పోస్టు ఉండును. పని ఉండదు."

జోగినాయుడు ఆనందం పట్టలేక బిళ్ళ ఒకసారి తుడుచుకున్నట్టున్నాడు.

చిదంబరం పెన్ను గాల్లోనే ఆగిపోయింది. నిబంధన రద్దు కాలేదు. అమల్లోనూ లేదు. జ్ఞాపిక కమిషనర్ గారి దగ్గరే ఉంటుంది. బిళ్ళ జోగినాయుడి దగ్గరే ఉంటుంది. ఎవరి పొట్టా కొట్టకుండా, ఎవరి మర్యాదా చెడకుండా నిబంధన మళ్ళీ పడుకుంది. తను ఇప్పుడు పొరపాటు దిద్దితే ఫైలు వెనక్కి వస్తుంది. ఫైలు వెనక్కి వస్తే నిబంధన దానితోపాటే దిగి వస్తుంది.

ఇన్నేళ్ళ సర్వీసులో చిదంబరం తప్పు దిద్దకుండా వదిలిన కాగితం లేదు. ఒక్క దీర్ఘం తప్పినా తిప్పి పంపేవాడు. ఆయన ఆ 'పొరపాటున' అన్న మాటను చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం ఉండచుట్టి బుట్టలో వేసి, కొత్తది తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'తమ ఆసక్తికి కృతజ్ఞతలు. ఆవిరిని నేలమట్టమునుండి కొండ శిఖరము వరకు పలు దశలలో ఎత్తదలచితిమి. తొలిదశ సర్వేకు ఏ తొందరయు లేదు. తమ వీలునుబట్టి రాగలరు.'

సంతకం పెట్టి, టపాలో వేసి, సరాసరి గేటు బయటికి నడిచాడు. గోనెసంచి మూతి ఇంకా బిగించే ఉంది. పైడమ్మ దానిమీదే కూర్చుని ఉంది.

"సంచి విప్పు పైడమ్మా. పొయ్యి వెలిగించు."

"గంటో?"

"గంటా లేదు, జెండా లేదు."

పైడమ్మ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. అయినా లేచి, ఇంట్లోకని రుబ్బిన పిండి తెప్పించి, పొయ్యి అంటించింది. ఎసరు కాగింది. పాత్ర మూత అంచులోంచి సన్నగా ఆవిరి లేచింది. ఇద్దరూ గేటువైపు చూశారు. జోగినాయుడు వరండాలో కుర్చీ వేసుకుని, బిళ్ళ ఎండకి మెరుస్తుండగా, ఆ ఆవిరికేసి చూసి మర్యాదగా మొహం తిప్పుకున్నాడు.

"అయితే తీసేసినారా బాబూ ఆ సట్టాన్ని?" అంది పైడమ్మ, ఇడ్లీలు ఆకులో పెడుతూ.

"తీయలేదు. ఎత్తుతున్నారు."

"ఎవలు?"

"ఎత్తిపోతల వాళ్ళు."

పైడమ్మ చెయ్యి ఆగిపోయింది. "మా ఊరికి నీల్లెత్తుతామని నా సిన్నప్పుడు కొలతలు ఏసుకెల్లినోల్లు, ఆలేనా?"

"వాళ్ళే."

"మరైతే పర్లేదులెండి," అని, పైడమ్మ ఆకులో ఇంకో రెండు ఇడ్లీలు వేసి, సంచిలో మిగిలిన గిన్నెలన్నీ బయటికి తీసి సర్దుకుంది.